పసుపు కాగితాలు

రోలండ్ పీక్‌కి పదకొండేళ్ళు నేనే తెర వెనక బట్టలు తొడిగి వేషం కట్టాను. వారానికి ఎనిమిది ఆటలు. ఒక మనిషిని రోజూ లోదుస్తుల్లో చూస్తూ "మీరు", "మిస్టర్ పీక్" అని ఎన్నాళ్ళు అనగలం? ఆ మర్యాదలు మొదటి వారంలోనే ఊడిపోయాయి. నేను గ్లెనిస్, అతను రోలండ్, అంతే. నాకు అరవై రెండు, అతనికి అరవై నాలుగు. మేం పోట్లాడుకునే తీరు చూసి కోరస్‌లో అమ్మాయిలు ముసలి దంపతులని వేళాకోళం చేసేవాళ్ళు. దంపతులమైతే ఒకళ్ళ ఇల్లు ఒకళ్ళు చూసుండేవాళ్ళం. పదకొండేళ్ళలో నేను అతని గుమ్మం తొక్కలేదు, అతను నా గుమ్మం తొక్కలేదు. లూయిషమ్‌లో ఉంటాడనీ, భార్య పోయిందనీ, ఆవిడ పియానో ఇంకా ఇంట్లోనే ఉందనీ మాత్రం తెలుసు.

మా నాటకం పేరు "వంతెన కాపరి". అందులో రోలండ్ వంతెన దగ్గర సుంకం వసూలు చేసే ముసలివాడు. ఆఖర్న ఊరు ఊరంతా వంతెన దాటి వెళ్ళిపోతుంది, అతనొక్కడే మిగిలి పాడతాడు. ఆ పాట చివరి మాట "ఉండిపో". ఆ మాట మీద స్వరం పైకి వెళ్ళి, అక్కడే చాలాసేపు నిలబడాలి. లండన్‌లో ఆ ఒక్క స్వరం కోసం నాలుగోసారీ ఐదోసారీ టికెట్టు కొన్నవాళ్ళు నాకు తెలుసు. రోలండ్‌కి అందమూ అంతంతమాత్రమే, నడకా అంతంతమాత్రమే. అతనికున్నదల్లా ఆ స్వరమే, ఆ సంగతి అతనికీ తెలుసు.

ఆరేళ్ళ కిందట చలికాలంలో అతనికి ఛాతీ పట్టేసి మూడు వారాలు మంచాన పడ్డాడు. లేచి వచ్చాడు కానీ గొంతు లేవలేదు. రిహార్సల్లో "ఉండిపో" దగ్గరికి వచ్చేసరికి తలుపు సందులో వేలు పడ్డవాడిలా కీచుమన్నాడు. వాద్యబృందాన్ని నడిపే డంకన్ మంచివాడు. ఆ సాయంత్రం ఎవరినీ అడగకుండా పాట శ్రుతిని మూడు మెట్లు దించి రాయించాడు. వాద్యగాళ్ళు చూసి వాయించే పాత తెల్లకాగితాలతో కలిసిపోకుండా పసుపు కాగితం మీద రాయించాడు. ఛాతీ నిమ్మళించేదాకా అన్నాడు. రోలండ్‌కి చెబితే కుంగిపోతాడని అతనికి చెప్పలేదు.

ఆ రాత్రి రోలండ్ హాయిగా పాడి స్టేజీ పక్క వింగ్‌లోకి వచ్చి నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. "చూశావా గ్లెనిస్, తిరిగొచ్చింది" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. నేనేం చెప్పను? వచ్చిందన్నాను. ఎవరెన్ని అన్నా మొదటి అబద్ధం నాదే.

నాటకాలవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు. అలాంటిది డెబ్భైమందిమి ఆరేళ్ళు ఆ మాట బయటికి పొక్కనివ్వలేదు. ఛాతీ ఎప్పుడో నిమ్మళించింది, గొంతు మాత్రం రాలేదు, పసుపు కాగితాలు ఉండిపోయాయి. పిల్లి మెడలో గంట ఎవరు కడతారు? డంకనేమో ఫ్రాన్సిస్ చెప్పాలన్నాడు. స్టేజీ పక్కన కూచుని ఆట నడిపించేది ఫ్రాన్సిస్. ఆవిడేమో అతనితో ఎక్కువ గడిపేది గ్లెనిస్ కాబట్టి గ్లెనిసే చెప్పాలంది. నేను రేపు చెప్తానన్నాను. అతను వినేలా "పసుపు" అనే మాట ఎవరూ అనేవాళ్ళం కాదు. క్యాంటీన్లో అరటిపండుని కూడా రంగు పేరెత్తకుండా అడిగేవాళ్ళం. కొత్తగా చేరిన పిల్లొకతె అతని ముందే పసుపు చొక్కా ఏదని నన్ను అడిగితే నలుగురం ఒక్కసారి దగ్గాం. వెనక్కి తిరిగి చూసుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది కానీ, అప్పుడు మాకు మేం ఎంతో దయగలవాళ్ళమనిపించేది.

ఈ జూన్‌లో రోలండ్ ఇక చాలన్నాడు. మోకాళ్ళు అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆఖరి ఆట. మంగళవారం నుంచి ఆ వేషం కల్లమ్‌ది. ముప్పై నాలుగేళ్ళవాడు, గొంతు గంటలా ఉంటుంది. అతనికి పసుపు కాగితాలతో పని లేదు. ఆదివారం పొద్దున వాద్యబృందంతో కలిసి తెల్లకాగితాల మీద, అసలు శ్రుతిలోనే రిహార్సల్ చేశాడు.

స్టేజీ మీద జరిగేదంతా మా గదుల్లో స్పీకర్‌లో వినిపిస్తుంది. నేను ఇస్త్రీ చేసుకుంటూ కల్లమ్ పాట వింటున్నాను. ఇంతలో రోలండ్ గంట ముందే వచ్చేశాడు. కోటు కూడా విప్పకుండా గది మధ్యలో నిలబడ్డాడు. నేను స్పీకర్ కట్టేయబోతే ఉంచమన్నాడు. స్టేజీ మీద కల్లమ్ "ఉండిపో" అందుకుని, ఇక ఊపిరి అయిపోతుందేమోనని మనకి భయం పట్టుకునేదాకా నిలబెట్టాడు. రోలండ్ ఆఖరిదాకా విన్నాడు.

"బాగా పాడుతున్నాడు" అన్నాడు. తర్వాత నన్ను గుడ్డు శాండ్‌విచ్ తెమ్మని పంపించాడు. ఆటకి ముందు అతను ఏమీ తినడు. ఆఖరి రోజు కదా, ఏదో కోరికలే అనుకుని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గదిలో లేడు. వాద్యగాళ్ళంతా భోజనానికి వెళ్ళిపోయారు, స్టేజీ ఖాళీగా ఉంది. వెళ్ళిపోయేవాళ్ళు ఆఖరిసారి ఒంటరిగా స్టేజీ మీద తిరిగి చూసుకోవడం మాలో మామూలే. నేను వెతకలేదు. అరగంటకి వచ్చి, ఆ శాండ్‌విచ్ నన్నే తినమన్నాడు.

మొదటి అంకం ఎలా జరిగిందో నాకు గుర్తులేదు. అతను అడుగు పెట్టగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఆట మూడు నిమిషాలు ఆగింది. విరామంలో కోరస్ వాళ్ళు అతని బొమ్మ ఉన్న కేకు కోశారు. గడ్డం ఎవరికి, ముక్కు ఎవరికి అని వాదించుకున్నారు. రోలండ్ అందరితో నవ్వుతూ మాట్లాడాడు. అతను గుంపులోకి వెళ్ళగానే గుంపు కొంచెం సర్దుకోవడం, గొంతులు కొంచెం తియ్యనవడం అప్పుడూ చూశాను. అది ఆరేళ్ళుగా రోజూ చూస్తున్నదే కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.

రెండో అంకం సగంలో ఉండగా ఫ్రాన్సిస్ నన్ను చెయ్యి ఊపి పిలిచింది. చెవులకి తగిలించుకున్నది ఒక పక్కకి జరిపి గుసగుసగా చెప్పింది. చెల్లో వాయించే ఇమెల్డా ముందు పేజీలు తిప్పి చూసుకుంటే ఆఖరి పాటకి తెల్లకాగితం ఉందట. పక్క స్టాండు మీదా తెల్లదే, అన్ని స్టాండ్ల మీదా తెల్లవే. రిహార్సల్ అయ్యాక డంకనే తన చేత్తో పసుపువి మళ్ళీ తెల్లవాటి మీద పెట్టాడు. ఇప్పుడవి లేవు, ఎక్కడున్నాయో వెతకడానికి ఆట మధ్యలో స్టేజీ ముందున్న వాద్యగాళ్ళ గుంటలోంచి లేచి వెళ్ళేవాళ్ళూ లేరు. పద్నాలుగుమంది ఎవరికివారు మనసులో మూడు మెట్లు దించుకుని వాయించాలి, ఒక్కడు మరిచిపోయినా చేపల బజారే. డంకన్ ఆ సాహసం చెయ్యనన్నాడు. పాట అసలు శ్రుతిలోనే వస్తుంది.

"ఎవరో ఒకరు అతనికి చెప్పాలి" అంది ఫ్రాన్సిస్. అని నా వైపే చూసింది. పాటకి పదకొండు నిమిషాలుంది.

చెప్పకపోతే, పన్నెండు వందల మంది ముందు, ఆఖరి రోజున, అతని గొంతు పగులుతుంది. ఎందుకు పగిలిందో కూడా తెలియకుండా, నిన్నటిదాకా ఉన్నది ఇవాళే చేజారిందనుకుని ఇంటికి వెళ్తాడు. చెబితే, నిన్నటిదాకా కూడా లేదని తెలుస్తుంది. ఏదైనా అబద్ధం అతికిద్దామా అనుకున్నాను. వాద్యగాళ్ళు పొరపాటున పైనుంచి ఎత్తుకుంటారు, జాగ్రత్త అంటే? దేనికన్నా పైనుంచి అని అడుగుతాడు. ఎటు తిరిగినా అదే గోడ.

ఆ పాటకి ముందు నలభై సెకన్లలో వేషం మార్చాలి. నల్లతెర వెనక చీకట్లో, వానలో తడిసినట్టు చేసిన కోటు విప్పి, లోపలి చొక్కా మీదికి అతుకుల జాకెట్టు తొడిగి, టోపీ పెట్టాలి. రెండు చేతులకీ పని కాబట్టి టార్చి పళ్ళతో పట్టుకుంటాను. టార్చి నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడే పని లేదు. ఆరేళ్ళుగా ఆ నలభై సెకన్లే నాకు అన్నిటికన్నా హాయి.

అతను వచ్చాడు. కోటు లాగేశాను. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి. జాకెట్టు భుజం మీద సర్దాను. తర్వాత టార్చి నోట్లోంచి తీసేశాను.

"రోలండ్, పాట ఇవాళ పై శ్రుతిలో వస్తుంది. అసలు శ్రుతి. ఆరేళ్ళుగా నువ్వు పాడుతున్నది అది కాదు. దించి వాయిస్తున్నారు. అందరికీ తెలుసు. నాకూ తెలుసు."

గుండీలు పెట్టుకుంటున్న అతని చెయ్యి ఆగలేదు.

"ఆరేళ్ళు పట్టింది నీకు" అన్నాడు.

రోజూలాగే తల కొంచెం వంచాడు. నేను టోపీ పెట్టాను. వెలుగులోకి వెళ్ళిపోయాడు.

మూడు మెట్లంటే పాడనివాళ్ళకి చిన్న సంగతి. నేను వింగ్‌లో తెర అంచు పట్టుకుని నిలబడి, మొదటి లైన్ నుంచే ఆ పాట మరో పాటలా వినిపిస్తుంటే విన్నాను. అతను పరుగెత్తలేదు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కాడు. రెండో చరణంలో గొంతు ఒకచోట గీసుకుపోయింది, దాన్ని దాచలేదు. గుంటలో డంకన్ ముఖం సున్నం కొట్టినట్టుంది. చివరి వరసకి వచ్చేసరికి రోలండ్ ఊపిరి నిండా తీసుకున్నాడు, నోరు తెరిచాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

స్వరం రాలేదు. అతను దాన్ని పిలవనే లేదు. ఆ మాటని ఊరికే అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న మనిషితో అన్నట్టు, మామూలు గొంతుతో.

"ఉండిపో."

డంకన్ చేతులు దించేశాడు. వాయిద్యాలు ఆగిపోయాయి. నేను ఏడు దాకా లెక్కపెట్టాను. అప్పుడు జనం లేచారు. అలా లేవడం ఈ పదకొండేళ్ళలో నేను చూడలేదు. ఏడుస్తున్నారు. ఇదంతా గొప్ప నటన అనుకున్నారు, ఆఖరి రోజు కోసం దాచిపెట్టుకున్నాడనుకున్నారు. వింగ్‌లోంచి నాకు మాత్రం ప్యాంటు లోపల అతని మోకాలు వణుకుతూ కనిపించింది.

తర్వాత పూలు, ఉపన్యాసాలు, కౌగిలింతలు. డంకన్ పైకి వచ్చి రోలండ్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరే జారుకున్నారు. ఆరు దాటేసరికి గదిలో మేమిద్దరమే. కిటికీలోంచి ఎండ ఇంకా నేల మీద పడుతోంది. జూన్‌లో ఇదొక బాధ, మనకి అంతా అయిపోయాక కూడా పొద్దు అయిపోదు.

అతను అద్దం ముందు కూచుని గడ్డం ఊడదీసుకుంటున్నాడు. నేను బట్టలు తగిలిస్తున్నాను. విగ్గు పెట్టె మూసి పక్కన పెట్టబోతే కింద కాగితాల కట్ట కనిపించింది. పసుపువి. పద్నాలుగు.

నేను వాటిని చూశాను. అతను అద్దంలోంచి నన్ను చూశాడు.

"డంకన్‌కి ఇచ్చెయ్. నేను తీశానని చెప్పు, పాపం ఎవర్నో తిడతాడు" అన్నాడు.

నా కుర్చీలో నేను కూలబడ్డాను. ఎప్పటినుంచి తెలుసని అడిగాను.

మొదటి ఆదివారం నుంచే అన్నాడు. గొంతు తిరిగొచ్చిందన్న సంబరంతో, ఇంట్లో భార్య పియానో మూత తీసి, ఆవిడకి వినిపిద్దామని కూచున్నాడట. ఆవిడ పోయి అప్పటికి రెండేళ్ళు. అయినా వినిపిద్దామనుకున్నాడు. పై స్వరం అందలేదు. నాలుగుసార్లు చూశాడు. పియానో శ్రుతి తప్పిందేమోనని మర్నాడు మనిషిని పిలిపించాడు కూడా.

"వాడొచ్చి చూసి, పియానోకేం రోగం లేదండీ అన్నాడు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మరి ఒక్క మాట అనలేదేమని అడిగాను. అడిగేటప్పుడు నా గొంతులో కోపం కూడా ఉంది. తప్పు నాదైనప్పుడు నాకు కోపం ముందు వస్తుంది, అది నా పుట్టుబుద్ధి.

"మీలో ఎవరో ఒకరు చెప్తారని చూశా" అన్నాడు. దూదితో ముఖం తుడుచుకుంటూ, మెల్లగా. "మొదట్లో వారం అనుకున్నా, తర్వాత నెల. నేను గదిలోకి వస్తే మీ మాట మారిపోయేది. ఏం దాస్తున్నారో నాకు తెలుసు, నాకు తెలుసని మీకు తెలీదు. అందరూ మంచివాళ్ళే గ్లెనిస్. ఆరేళ్ళు మంచివాళ్ళ మధ్య ఒక్కణ్ణే ఉన్నా."

అతని చొక్కా నా ఒళ్ళో ఉంటే దాని చేతులు మడత పెడుతూ, విప్పుతూ కూచున్నాను.

"పొద్దున కల్లమ్ పాడుతుంటే, అసలుదాంతో ఒక్కసారి తలపడి వెళ్దామనిపించింది" అన్నాడు. "అదొకటి. చెప్పేవాళ్ళుంటే ఇవాళైనా చెప్తారని. అదొకటి." కొంచెం ఆగి, అద్దంలోంచి కాకుండా ఇటు తిరిగి అడిగాడు. "ఈ కాగితాలు నేను తీయకపోతే చెప్పేదానివా?"

చెప్పేదాన్నే అనడం ఎంత సులువు. ఆ మాట నాలుక చివరే ఉంది, ఆరేళ్ళు వాడి వాడి నున్నబడిపోయిన మాట. అతనికి కూడా అదే వినాలని ఉందేమో.

"లేదు" అన్నాను.

అతను తలాడించాడు. కింద హాల్లో ఊడ్చేవాళ్ళు కుర్చీలు మడిచే చప్పుడు స్పీకర్‌లో వినిపిస్తోంది.

"ఒకే రోజు రెండు నిజాలు" అన్నాడు చివరికి. "పద, లే. ఆ చొక్కా నలిపేస్తున్నావు."

కోటు వేసుకోవడానికి లేచాడు. అలవాటు కొద్దీ నేను వెనక నుంచి పట్టుకున్నాను, అలవాటు కొద్దీ అతను చేతులు దూర్చాడు. కల్లమ్ ప్యాంటు పొడుగు చూడమన్నాడు, మడమ కింద తొక్కుతున్నాడట, మెట్ల మీద పడతాడట. సరేనన్నాను. వెనక వైపు స్టేజ్ డోర్ దగ్గర అభిమానులు కాచుకుని ఉంటారనీ, ఇవాళ వాళ్ళ ముందు నవ్వలేననీ, ముందు గుమ్మంలోంచి వెళ్తాననీ చెప్పాడు. పదకొండేళ్ళలో ఆ గుమ్మం ఒక్కసారీ దాటలేదట. గడ్డమూ విగ్గూ లేకపోతే అతన్ని వీధిలో ఎవరూ పోల్చుకోరు, ఆ ధైర్యం ఉంది.

ఎప్పుడైనా టీకి రమ్మని అతను అనలేదు. వస్తానని నేనూ అనలేదు. అన్నా ఇద్దరికీ నమ్మకం కుదిరేది కాదు. తలుపు దగ్గర నా భుజం మీద ఒకసారి తట్టి వెళ్ళాడు. ఖాళీ మెట్ల మీద అతని అడుగులు కిందిదాకా వినిపించాయి.

నేను ఇస్త్రీపెట్టె తీగ చుట్టి, దీపాలు ఆర్పి, పసుపు కట్ట సంచిలో పెట్టుకుని దిగేసరికి అరగంట పట్టింది. స్టేజ్ డోర్ బయట నలభైమంది దాకా ఉన్నారు. పూలగుత్తులు, పాత పోస్టర్లు, కలాలు. కాపలా ఉండే విల్ఫ్ వాళ్ళని ఓదారుస్తున్నాడు. వస్తున్నారు, మేకప్ తీస్తున్నారు, ఇంకో ఐదు నిమిషాలు అంటున్నాడు. విల్ఫ్‌కి రోలండ్ వెళ్ళిపోయాడని తెలుసు. మంచివాడు, అందుకే ఆ మాటలు.

ముందు వరసలో చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. ఒళ్ళో కేకు డబ్బా, రెండు చేతులతో పట్టుకుంది. నన్ను చూసి లోపలి మనిషినని పోల్చుకుంది.

"లీడ్స్ నుంచి ఇంత దూరం వచ్చానమ్మా. వస్తారుగా ఆయన?"

విల్ఫ్ నాకు కళ్ళతో సైగ చేశాడు, అవుననెయ్యమని. నా నోట్లో కూడా అవునే ఉంది.

"రారండి. వెళ్ళిపోయారు. ముందు గుమ్మంలోంచి, అరగంటయింది" అన్నాను.

వెనక ఎవరో గొణిగారు. విల్ఫ్ తల పక్కకి తిప్పుకున్నాడు. ఆవిడ కేకు డబ్బా వైపు చూసుకుంది, తర్వాత నా వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

"తోడెవరైనా వెళ్ళారా ఆయనకి?" అని అడిగింది.

"లేదండి" అన్నాను. "ఒక్కరే వెళ్ళారు."